వారానికి రెండు రోజులు: ఒక వైద్య కళాశాలలో పరిశోధనకు దాతల నిధి

పద్నాలుగేళ్లుగా వైద్య కళాశాలల పూర్వ విద్యార్థుల ట్రస్టులకు విరాళాల నిర్వహణలో సాయపడుతున్నాను. ఈ కేసు తెలుగు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలది. కళాశాల పేరు, ఊరు, మనుషుల పేర్లు వదిలేశాను. మొత్తాలను లెక్క సులువుగా అర్థమయ్యేలా సర్దాను. ఇందులో మేము చేసిన పొరపాట్లే ఏటా ఏదో ఒక కళాశాలలో మళ్లీ కనిపిస్తున్నాయి కాబట్టి ఈ కేసును వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

ఆ కళాశాల ఆసుపత్రిలో ప్రసూతి విభాగం ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటుంది. చుట్టుపక్కల కష్టమైన కాన్పులన్నీ అక్కడికే వస్తాయి. వాటిలో గర్భిణుల రక్తపోటు కేసులు చాలా ఎక్కువ. అయిదో నెల దాటాక రక్తపోటు పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, ముదిరితే మూర్ఛలు రావడం. పల్లెల్లో గుర్రపువాతం అనేది ఈ మూర్ఛల దశనే. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళితే ఆసుపత్రి లెక్కలో ఆ కేసు ముగిసినట్టే.

నిజానికి ముగియదు. ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు తరువాతి ఏళ్లలో రక్తపోటు స్థిరపడే అవకాశం మిగతావారి కంటే మూడు రెట్లకు పైగా, గుండెజబ్బు వచ్చే అవకాశం సుమారు రెండు రెట్లు ఉంటుందని విదేశాల్లో జరిగిన అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి. మన దగ్గర పొలం పనికి వెళ్లే, ఇరవై ఏళ్లకే తల్లి అయ్యే స్త్రీలో అది ఏ వయసులో మొదలవుతుంది, ఎవరిని ముందుగా గుర్తించవచ్చు అన్నది తెలియాలంటే కాన్పయిన తల్లులను ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. ఆ విభాగంలోని ఒక మహిళా ప్రొఫెసర్ ఆ పనిని ఒంటరిగా మొదలుపెట్టారు. పొడవాటి రిజిస్టరులో తల్లి పేరు, ఊరు, ఫోను నంబరు, కాన్పు నాటి రక్తపోటు, ఆ ఊరి ఆశా కార్యకర్త పేరు రాసుకునేవారు. ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఆపైన ఏటా ఒకసారి రమ్మని చెప్పి పంపేవారు.

నేను ఆ రిజిస్టరును చూసేనాటికి ఆరు వారాల గడులు చాలావరకు నిండి ఉన్నాయి. ఏడాది గడుల్లో ఎక్కువ ఖాళీలే. తల్లి పుట్టింటి నుంచి అత్తింటికి మారుతుంది, ఫోను నంబరు మారుతుంది, కూలి పోతుందని రాదు. వచ్చిన తల్లికి కూడా ఓపీ రద్దీలో ప్రొఫెసర్ దొరకరు. "బిడ్డ బాగుంది కదా మేడమ్, నాకింకా పరీక్షలెందుకు?" అని అడిగి వెళ్లిపోయినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

మా ముందుకు వచ్చిన విషయం

అదే కళాశాలలో చదివి అమెరికాలో గుండె వైద్యుడిగా స్థిరపడిన ఒక పెద్దాయన ట్రస్టుకు ఉత్తరం రాశారు. తన తల్లి పేరిట తల్లుల ఆరోగ్యం మీద పరిశోధన జరగాలని, తానూ తన బ్యాచ్ వారూ కలిసి నాలుగు కోట్ల రూపాయలు సమకూర్చగలమని, దానితో రెండంతస్తుల పరిశోధన భవనం కడితే బాగుంటుందని అందులో ఉంది.

భవనం కావాలనడంలో తప్పేమీ లేదు. కళ్లకు కనబడుతుంది, పేరు నిలుస్తుంది, డబ్బు ఎటు పోయిందన్న అనుమానం రాదు. దూరాన ఉన్న దాతకు ఇవన్నీ ముఖ్యమే. అయితే ఆ కళాశాలలో అప్పటికే ఒక పరిశోధన గది తాళం వేసి ఉంది. గది కొరత కాదని నాకు తెలుసు. కొరత దేనికో మాత్రం అప్పుడు సరిగా తెలియదు. ఆ మొదటి రోజుల్లో నేను ప్రొఫెసర్‌ను అడిగింది ఒకే ప్రశ్న: "ఏమేం పరికరాలు కావాలి?" ప్రశ్న అలా వేస్తే జవాబూ అలాగే వస్తుంది.

మొదటి ప్రయత్నం: యంత్రం

భవనం ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టించి, దాత సహాధ్యాయులు ఇక్కడ పోగుచేసిన తొలి విడత సొమ్ముతో రక్త పరీక్షల యంత్రం ఒకటి కొనిపించాము. పరీక్షలు బయటికి పంపనక్కరలేకపోతే పరిశోధన వేగంగా సాగుతుందన్నది మా తర్కం. ప్రారంభోత్సవం బాగా జరిగింది. ఏడాదిన్నర తిరగకుండానే యంత్రం మీద గుడ్డ కప్పేశారు.

కారణాలు మూడు, మూడూ ముందే ఊహించదగినవి. ఆ యంత్రానికి దాని కంపెనీ రసాయనాలే వాడాలి. వాటి ఖర్చు ఎవరి పద్దులోనూ లేదు. వారంటీ ముగిశాక నిర్వహణ ఒప్పందానికి ఏటా కట్టాల్సిన సొమ్ము గురించి ఎవరూ ఆలోచించలేదు. యంత్రం నడపడం నేర్చుకున్న టెక్నీషియన్‌ను కోవిడ్ పరీక్షల విభాగానికి మార్చారు, తిరిగి పంపలేదు. విరాళం ఒక్కసారి వచ్చింది, ఖర్చు మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. అన్నిటికంటే నన్ను కలచివేసిన సంగతి వేరే ఉంది. యంత్రం చక్కగా పనిచేసిన ఆ ఏడాదిన్నరలో కూడా రిజిస్టరులో ఏడాది గడులు ఖాళీగానే మిగిలాయి. రక్తం తీయడానికి తల్లే రాకపోతే యంత్రం ఏం చేస్తుంది?

రెండో ప్రయత్నం: ప్రొఫెసర్ పీఠం

అప్పుడు దాతే ఒక ఆలోచన చెప్పారు. తాను పనిచేసే విశ్వవిద్యాలయంలో దాతల పేరిట ఆచార్య పీఠాలు ఉంటాయి: పెద్ద మూలనిధి పెడతారు, దాని రాబడితో ఆచార్యుడి జీతం, పరిశోధన నడుస్తాయి. ఇక్కడా అలాంటిది పెడదామన్నారు.

ఈ పద్ధతి మన దేశానికి కొత్తేమీ కాదు. కలకత్తాలో న్యాయవాది తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఏర్పడిన పీఠంలోనే 1917లో సి.వి. రామన్ ప్రభుత్వ ఆర్థిక శాఖ కొలువు వదిలి చేరారు. ఆ పీఠంలో ఉన్నవారికి ఎంఏ, ఎంఎస్సీ తరగతుల బోధన తప్పనిసరి కాదు. ఈ చివరి వాక్యాన్ని అప్పట్లో నేను చదివాను కానీ, అసలు విషయం అందులోనే ఉందని గుర్తించలేదు.

మేము పీఠాన్ని ప్రకటించాము. ప్రొఫెసర్ గది తలుపు మీద పలక పెట్టారు. ఆ తరువాత ఒక్కొక్క అడ్డంకీ బయటపడింది. ఆవిడ ప్రభుత్వోద్యోగి, ట్రస్టు నుంచి గౌరవ వేతనం తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాత అమెరికా పౌరుడు. పుట్టింది ఇక్కడే అయినా చట్టం దృష్టిలో ఆయన ఇచ్చేది విదేశీ విరాళం. ప్రభుత్వోద్యోగులు విదేశీ విరాళం స్వీకరించకూడదని, అలాంటి విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం స్పష్టంగా చెబుతోంది. పోనీ కొత్త పోస్టు సృష్టిద్దామా అంటే అది ప్రభుత్వం చేయాల్సిన పని, ట్రస్టు చేయగలిగేది కాదు. ఈ చర్చలు సాగుతుండగానే సాధారణ బదిలీల జాబితాలో ఆవిడ పేరు వచ్చింది. ప్రిన్సిపాల్ విన్నపంతో ఆ ఏడాదికి బదిలీ ఆగింది. కానీ మేము నిలబెట్టామనుకున్న పీఠం ఒక్క కాగితంతో కూలిపోగలదని అందరికీ అర్థమైంది. నిధిని మనిషికి కట్టాము, మనిషి మా చేతిలో లేరు.

కాపీ పుస్తకంలో తేలిన లెక్క

ఇక కొత్త ప్రతిపాదనలు ఆపి, ఒక వారం పాటు ఆ విభాగంలోనే కూర్చున్నాను. ప్రొఫెసర్ అనుమతితో ఆవిడ సమయం ఎటు పోతోందో గంటగంటకూ కాపీ పుస్తకంలో రాశాను. ఓపీ, ఆపరేషన్ థియేటర్, వార్డు రౌండ్లు, పీజీ విద్యార్థుల తరగతులు, ప్రసూతి మరణాల సమీక్ష, వీడియో సమావేశాలు, మందుల ఇండెంట్లు. వారం మొత్తంలో పరిశోధనకు దొరికింది మూడు గంటలలోపే, అదీ రాత్రి తొమ్మిది దాటాక.

శనివారం సాయంత్రం ఆ పుస్తకం ఆవిడ ముందు పెట్టి, ఈసారి ప్రశ్న మార్చాను. ఏం కావాలి అని కాకుండా, ఈ పనుల్లో మీరు తప్ప ఇంకొకరు చేయగలిగినవి ఏవి అని అడిగాను. కాసేపు పేజీలు తిప్పి అన్నారు: "యంత్రాలు వద్దు సార్. నాకు మంగళవారం, శుక్రవారం ఇప్పించండి. ఊళ్లకు వెళ్లి ఆ తల్లులను వెతికే ఇద్దరు నర్సులను ఇప్పించండి. చాలు."

అప్పటివరకు ప్రొఫెసర్‌కు డబ్బు ఎలా చేర్చాలా అని తల బద్దలు కొట్టుకున్నాము. నిజానికి ఆవిడకు ఒక్క రూపాయి కూడా చేరనక్కరలేదు. ఆవిడను పరిశోధన నుంచి లాగేస్తున్న పనులు చేయడానికి ఇంకొక వైద్యురాలికి జీతం ఇస్తే సరిపోతుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘం కాంట్రాక్టు మీద ఒక గైనకాలజిస్టును తీసుకోవచ్చు, ట్రస్టు ఆ సంఘానికి గ్రాంటు ఇవ్వవచ్చు. ఇందులో సర్వీసు నిబంధనల చిక్కు లేదు, కొత్త పోస్టు అవసరం లేదు. ప్రొఫెసర్ బదిలీ అయినా ఆ రెండు రోజులు విభాగానికే ఉంటాయి, తరువాత వచ్చినవారికి దక్కుతాయి.

సూపరింటెండెంట్ మొదట ఒప్పుకోలేదు. "రద్దీ ఇంత ఉంటే సీనియర్‌ను రెండు రోజులు వదిలేయమంటారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న అది. మూడు నెలల ప్రయోగం చేద్దామని, ఆ రెండు రోజుల్లో ఓపీ చూసిన రోగుల సంఖ్య తగ్గితే మేమే విరమించుకుంటామని రాసిచ్చాము. సంఖ్య తగ్గలేదు. ఒక పూర్తికాలపు వైద్యురాలు వారమంతా అదనంగా పనిచేస్తుంటే తగ్గడానికి కారణమూ లేదు. మూడు నెలల తరువాత ఒప్పంద పత్రం (ఎంవోయూ) మీద ఆయనే ముందు సంతకం పెట్టారు.

డబ్బును మూడు పాయలుగా విడగొట్టడం

ఇలాంటి పనిలో ఉన్నవారికి ఎక్కువగా పనికొచ్చే భాగం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదట దాతలను దేశంలో ఉన్నవారు, విదేశాల్లో ఉన్నవారు అని విడదీశాము. అది తప్పు విభజన. చూడాల్సింది పౌరసత్వం. భారతీయ పాస్‌పోర్టుతో డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న సహాధ్యాయి తన సొంత సంపాదన నుంచి ఇచ్చే డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు మీద వచ్చిపోయే సహాధ్యాయిది విదేశీ విరాళమే, ఆయన హైదరాబాదులో కూర్చుని చెక్కు రాసినా సరే. మా ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేదు. నమోదు ఉన్న వేరొక సంస్థ తీసుకుని మాకు పంపుతుందా అంటే, 2020 సవరణ తరువాత అలా బదలాయించడం కుదరదు. తీసుకున్న సంస్థే ఖర్చు పెట్టాలి, పాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కాబట్టి తల్లుల ఆరోగ్యం మీదే పనిచేస్తున్న, నమోదు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థతో కళాశాల ఒప్పందం చేసుకుంది. ఊళ్లు తిరిగే ఇద్దరు నర్సులను ఆ సంస్థే నియమించి, జీతాలూ ప్రయాణాలూ తనే భరిస్తుంది. పెద్దాయన డబ్బు ఆ దారిలో వెళ్లింది. విదేశీ సాయంతో నడిచే ఆరోగ్య పరిశోధన కాబట్టి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి తీసుకున్నాము. దానికి పట్టిన నెలలను కాలపట్టికలో ముందే చేర్చుకోకపోవడం నా లోపమే.

రెండో పాయ భారతీయ పౌరుల విరాళాలు. వీటితో మూడు కోట్ల మూలనిధి పెట్టాము. ప్రతి దాత నుంచీ ఇది మూలనిధికే అని లిఖితపూర్వకంగా తీసుకున్నాము. అలా రాసివ్వకపోతే ఆదాయపు పన్ను శాఖ దాన్ని ఆ ఏడాది ఆదాయంగా లెక్కిస్తుంది. విదేశీ విశ్వవిద్యాలయాల పద్ధతిలో ఏటా మూలనిధి విలువలో నాలుగు శాతమే వాడి, మిగతా రాబడిని మూలంలో కలిపి ధరల పెరుగుదలను తట్టుకుందామని నేను పథకం వేశాను. ఆడిటర్ ఒక్క మాటతో ఆపేశారు. మన చట్టం ప్రకారం ధర్మాదాయ ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఉద్దేశించిన పనికి వాడాలి. 15 శాతమే ఊరికే దాచుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే ఫలానా పనికని చెప్పి, గరిష్ఠంగా అయిదేళ్లలో ఖర్చు పెట్టాలి. డిపాజిట్ల మీద ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏటా 21 లక్షలు. అందులో సుమారు 3 లక్షలు నిధిలో కలుస్తాయి, 18 లక్షల దాకా వాడాలి. కాంట్రాక్టు వైద్యురాలి జీతం, బయటి ల్యాబులో పరీక్షలు, పరీక్షకు వచ్చిన తల్లికి బస్సు ఛార్జీ, పోయిన కూలికి పరిహారం, యువ అధ్యాపకులకు చిన్న గ్రాంట్లు. లెక్క అక్కడికక్కడికి సరిపోయింది.

ధరల పెరుగుదల సంగతో? ఏటా రజతోత్సవం చేసుకునే బ్యాచ్ మూలనిధికి కొంత కలపాలన్న ఆనవాయితీ పెట్టాము. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన సంగతి పాత తరానికి తెలుసు. ఏటా వచ్చేదాని విలువ ఏమిటో బ్యాచ్ సమావేశాల్లో నేను ఆ ఉదాహరణతోనే చెబుతాను. సాధారణంగా మళ్లీ వివరించాల్సిన అవసరం రాదు.

మూడో పాయ కంపెనీల సీఎస్‌ఆర్ సొమ్ము, అంటే సామాజిక బాధ్యత కింద అవి ఖర్చు పెట్టేది. ఒక కంపెనీ మూలనిధికి ఇస్తామంది. 2021 జనవరి 22 నుంచి ఏ సంస్థ మూలనిధికిచ్చినా అది సీఎస్‌ఆర్ ఖర్చుగా చెల్లదు. కొనసాగే ప్రాజెక్టుగా చూపితే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు ఇవ్వవచ్చు. అందుకని రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని, అంటే ఎలాగూ మూడేళ్లలో ముగిసే పనిని, వారికి అప్పగించాము. ముగింపు ఉన్న డబ్బును ముగింపు లేని పనికి పెడితే నాలుగో ఏట ఎవరో ఒకరి ఉద్యోగం పోతుంది.

దాతతో కష్టమైన సంభాషణ

పని సాగుతుండగా పెద్దాయన ఒక కోరిక కోరారు. తల్లుల రక్త నమూనాలు కొన్ని అమెరికాలో తమ ల్యాబుకు పంపితే ఇక్కడ చేయలేని పరీక్షలు ఉచితంగా చేయిస్తానన్నారు. సదుద్దేశంతోనే అన్నారు. ప్రొఫెసర్ వద్దన్నారు. నమూనాలు బయటికి పంపడానికి విడిగా అనుమతి కావాలన్నది ఒక కారణం మాత్రమే. "వాళ్లు సంతకం పెట్టిన కాగితంలో మీ రక్తం దేశం దాటుతుందని రాయలేదు. నేను వాళ్ల ముఖం చూసి చెప్పినదాన్ని మార్చలేను" అన్నారు.

ఆ మాట దాతకు చేరవేయడం నా బాధ్యత. డబ్బిచ్చిన మనిషికి కాదని చెప్పడం ఈ వృత్తిలో కష్టమైన ఘట్టం. చెప్పకుండా నాన్చితే ఇంకా పాడవుతుంది. ఎంవోయూలో ఒక వాక్యం ముందే ఉంది: ఏ ప్రశ్న మీద పరిశోధన, ఎవరు చేయాలి, ఫలితం ఎలా ప్రచురించాలి అన్న నిర్ణయాల్లో దాతకు పాత్ర ఉండదు, ఏటా పూర్తి లెక్కలూ పురోగతీ ఆయనకు అందుతాయి. ఆ వాక్యాన్ని గుర్తు చేసి, ప్రొఫెసర్ మాటలను ఏమీ మార్చకుండా చెప్పాను. రెండు రోజులు ఫోను రాలేదు. మూడో రోజు చేసి, "మా అమ్మ ఉంటే ఆవిడ పక్షమే మాట్లాడేది" అన్నారు.

పేరు విషయంలో మాత్రం ఆయన కోరిక నెరవేరాలని నేను పట్టుబట్టాను. తల్లి పేరు చూసుకోవాలనుకోవడం కొడుకు హక్కు. ప్రతి తల్లికీ ఇచ్చే పరీక్షల కార్డు మీద ఆ అమ్మ పేరు అచ్చు వేయించాము. తరువాత రావాల్సిన తేదీ, నర్సు ఫోను నంబరు, రక్తపోటు అంకెలు ఉండే కార్డు అది. ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో భద్రంగా దాచుకుంటారు. గోడ మీద పలక కంటే ఎక్కువమంది ఆ పేరును చదువుతున్నారు.

ఏం మారింది

మూడేళ్లు గడిచేసరికి ఏడాది పరీక్షకు వస్తున్నవారు పదిమందిలో ఏడుగురయ్యారు. ఇందులో ఎక్కువ భాగం నర్సుల పుణ్యమే. ఒకరు ఆశా కార్యకర్తలతో వాట్సాప్ గ్రూపు పెట్టి, ఎవరు ఏ ఊరికి మారారో పండగలప్పుడు ఆరా తీసేవారు. సంక్రాంతికి ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు కాబట్టి ఆ వారంలో సెలవు పెట్టకుండా ఊళ్లు తిరిగేవారు. ఇలాంటి తెలివి ఏ ప్రాజెక్టు ప్రతిపాదనలోనూ రాసి ఉండదు. జీతం స్థిరంగా వస్తుందన్న నమ్మకంతో ఒకే పనిలో నిలిచిన మనిషికే వస్తుంది. పాతికేళ్లు నిండని వయసులోనే రక్తపోటు స్థిరపడిన స్త్రీలు కొందరు బయటపడ్డారు. వారికి ఇప్పుడు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి మందులు అందుతున్నాయి. పత్రికల్లో వ్యాసాలు రాకముందే ఇది జరిగింది.

చిన్న గ్రాంట్లు మేము ఊహించని మేలు చేశాయి. పదోన్నతికి పరిశోధన వ్యాసాలు కావాలన్న నిబంధన వల్ల యువ అధ్యాపకులు ఏదో ఒకటి తొందరగా రాసి పంపే పరిస్థితి ఉంది. లక్ష రూపాయలూ, గణాంకాలు తెలిసిన ఒక మనిషి సాయమూ దొరికేసరికి ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇదే రిజిస్టరు నుంచి సొంత ప్రశ్నలు తీసుకున్నారు. జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ వెళ్లడానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయపడింది. ఆ దాతలకు ఆయన ఏం కనిపెడతారో తెలియదు, ఆ మనిషి చదువు ఆగకూడదని మాత్రం అనుకున్నారు. గ్రాంట్ల కమిటీలో ఎవరైనా ఫలితం గ్యారంటీ అడిగినప్పుడు నాకు ఆ ప్రయాణమే గుర్తొస్తుంది.

పనిచేయనివీ ఉన్నాయి. యంత్రం ఇంకా గుడ్డ కిందే ఉంది. దాన్ని వేరే విభాగానికి ఇప్పించే ఫైలు కదలలేదు. కాంట్రాక్టు వైద్యురాళ్లు ఏడాదికొకరు మారుతున్నారు, ప్రైవేటు ఆసుపత్రి జీతంతో మేము పోటీ పడలేము. ఇల్లు మారి జాడ తెలియని తల్లుల గురించి ఏం చేయాలో ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఏ దాత వచ్చినా నేను మొదట అడిగేది ఆ విభాగం వారపు పనిపట్టిక. విరాళం ఎంత అన్నది ఆ తరువాత. పౌరసత్వం ప్రశ్న మొదటి ఫోనులోనే అడుగుతాను, ఇబ్బందిగా ఉన్నా సరే. యంత్రం ఇస్తామంటే అయిదేళ్ల రసాయనాల ఖర్చు, నిర్వహణ ఖర్చు కలిపి ఇవ్వగలరా అని కాగితం మీద లెక్క చూపిస్తాను. సగం మంది అక్కడే మనసు మార్చుకుంటారు. నిధి ఒప్పందంలో ప్రొఫెసర్ పేరు ఎక్కడా రాయనివ్వను, విభాగం పేరే ఉంటుంది.

ఆ జాగ్రత్త పోయిన ఏడాది అక్కరకు వచ్చింది. ప్రొఫెసర్ బదిలీ ఈసారి ఆగలేదు. వెళ్లే ముందు రెండు మంగళవారాలు కొత్త ఇన్‌చార్జ్ పక్కన కూర్చుని రిజిస్టరులోని పేర్లన్నీ చదివించారు, ఏ తల్లిది ఏ ఊరో, ఎవరికి ఫోను చేస్తే ఎత్తుతారో చెబుతూ. మొదటి పేజీలోని తల్లులకు పదేళ్ల పరీక్ష ఇంకా కొంత దూరంలో ఉంది. కొత్త ఇన్‌చార్జ్ ఆ గడులు ఇప్పుడే గీసి పెట్టుకున్నారు. కాంట్రాక్టు వైద్యురాలి జీతం పెంచాలన్న ఆవిడ మొదటి ఉత్తరం నా బల్ల మీద ఉంది, వచ్చే నెల ట్రస్టు సమావేశంలో దాన్నే ముందుగా చర్చకు పెడుతున్నాను.